పుట్టుమచ్చా, దెబ్బ మచ్చా? నాణెం చెప్పే సాక్ష్యం



ఈమధ్య మీలో చాలామంది నాకు నాణేల ఫోటోలు పంపి, "అయ్యగారూ, ఇది మింటులోనే తప్పుగా వచ్చిందట, దీనికి లక్షలు వస్తాయట, నిజమేనా?" అని అడుగుతున్నారు. ఒకరి రూపాయి మీద అంకె సగమే ఉంది. ఒకరి పది రూపాయల బిళ్ళలో మధ్య భాగం ఊడిపోయింది. మరొకరి నాణెం అంచు కొరికినట్టు ఉంది. ఫోన్‌లో తిరిగే వీడియోలేమో అన్నిటికీ ఒకే మాట చెబుతాయి: తేడాగా ఉంటే చాలు, అది తప్పు నాణెం, దానికి లక్షలు.

అందుకే ఈసారి నాణేల చరిత్రలో నుంచి ఒక సంగతి రాస్తున్నాను. నాణెం మీద కనబడే లోపాలు రెండు రకాలు. ఒకటి టంకశాలలో అది తయారవుతున్నప్పుడు వచ్చినది. రెండోది అది బయటికి వచ్చాక మన చేతుల్లో, మన జేబుల్లో, రోడ్ల మీద తగిలిన దెబ్బ వల్ల వచ్చినది. మొదటిది పుట్టుమచ్చ లాంటిది, రెండోది దెబ్బ మచ్చ లాంటిది. దూరం నుంచి చూస్తే రెండూ మచ్చలే. దగ్గరికి వెళ్ళి చూస్తే ఒకటి చర్మంతో పాటు పుట్టింది, మరొకటి చర్మం తెగితే వచ్చింది. నాణెం కూడా అంతే. చూడడం తెలిస్తే తన మచ్చ ఎలా వచ్చిందో అదే చెబుతుంది.

నాణెం ఎలా పుడుతుంది?

ముందు ఇది తెలియాలి. పుట్టుక తెలియనిదే పుట్టుమచ్చ తెలియదు.

టంకశాలలో ముందుగా లోహాన్ని పొడవైన పట్టీగా సాగదీస్తారు. ఆ పట్టీలో నుంచి గుండ్రటి బిళ్ళలు కత్తిరిస్తారు. మన ఇళ్ళలో పిండిని పల్చగా ఒత్తి, గ్లాసు మూతితో గుండ్రంగా కోసినట్టే. ఆ బిళ్ళలను కాల్చి మెత్తబరుస్తారు. తరువాత వాటి అంచును చుట్టూ నొక్కి కొద్దిగా పైకి లేపుతారు. చివరికి ఆ బిళ్ళ రెండు ఉక్కు అచ్చుల మధ్యకు వెళుతుంది. ఒక అచ్చులో బొమ్మ, ఒక అచ్చులో బొరుసు చెక్కి ఉంటాయి. బిళ్ళ చుట్టూ ఉంగరం లాంటి ఒక ఉక్కు కట్టు ఉంటుంది. అచ్చులు టన్నుల బరువుతో ఒక్క దెబ్బ వేస్తాయి. ఆ దెబ్బకు లోహం మైనంలా కదిలి అచ్చుల్లోని గుంటల్లోకి పారుతుంది. కట్టు ఉండబట్టి పక్కలకు పరచుకోకుండా గుండ్రంగా నిలుస్తుంది.

కాబట్టి టంకశాలలో తప్పు జరిగితే మూడు చోట్లే జరగాలి: బిళ్ళలో, అచ్చులో, లేదా దెబ్బలో. మీ చేతిలోని నాణెం మీద ఏ లోపం ఉన్నా ఒక ప్రశ్న అడగండి. "ఈ మూడింటిలో ఎక్కడ ఇలా జరగడానికి వీలుంది?" ఎంత ఆలోచించినా జవాబు దొరకకపోతే, ఆ లోపం టంకశాలది కాదు. తరువాత ఎవరో చేసినదే.

ఇటుక అచ్చు నేర్పే పాఠం

మన ఊళ్ళ చుట్టూ ఇటుక బట్టీలు ఉన్నాయి గనుక ఈ ఉపమానం మీకు బాగా అర్థమవుతుంది. ఇటుక అచ్చు లోపల ఒక గీత పడిందనుకోండి. ఆ గీతలోకి మట్టి దూరుతుంది. ఆ అచ్చులో తీసిన ప్రతి ఇటుక మీదా అదే చోట ఒక ఉబ్బెత్తు గీత లేస్తుంది. అలా కాకుండా తయారైన ఇటుక మీద ఎవరైనా మేకుతో గీస్తే? అక్కడ పల్లం పడుతుంది. అది కూడా ఆ ఒక్క ఇటుకకే.

నాణేలకూ ఇదే మొదటి సూత్రం. అచ్చు మీది గీత నాణెం మీద ఉబ్బెత్తుగా వస్తుంది. నాణెం మీది గీత లోపలికి పోతుంది. అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం పారి, నాణెం మీద సన్నని నరంలా పైకి తేలుతుంది. అంచు దగ్గర అచ్చు ముక్కే ఊడిపోతే అక్కడ అక్షరాలు ఉండవు, ఒక ఉబ్బెత్తు ముద్ద ఉంటుంది. మీ నాణెం మీద గీత లోతుగా ఉండి, దాని రెండు పక్కలా లోహం గట్టులా లేచి ఉంటే, అది నాగలి చాలు లాంటిది. ఎవరో ఏదో పదునైన దానితో దున్నారు.

రెండో సూత్రం సాక్షుల గురించి. అచ్చులోని లోపం ఆ అచ్చు కింద పడిన నాణేలన్నిటిలో ఒకే చోట, ఒకే తీరులో కనబడుతుంది. ఒకదానికి ఇంకొకటి సాక్ష్యం ఇస్తుంది. దెబ్బ మాత్రం ఏ నాణేనికి ఆ నాణేనిదే.

ఈ రెండు సూత్రాలు చేతిలో పెట్టుకుని చరిత్రలో పేరుపొందిన కొన్ని తప్పు నాణేలను చూద్దాం. ఇవి అమెరికా దేశానివి. అక్కడ సేకరించేవాళ్ళు వీటిని ఏళ్ళ తరబడి భూతద్దాల కింద పరిశీలించి, ప్రతి గుర్తునూ రాసి పెట్టారు. అందుకే మనం నేర్చుకోవడానికి బాగా పనికొస్తాయి.

మూడు కాళ్ళ అడవిదున్న

1937లో అమెరికాలోని డెన్వర్ టంకశాలలో ఐదు సెంట్ల నాణేలు కొడుతున్నారు. ఆ నాణేనికి ఒక వైపు ఆ దేశపు ఆదివాసి ముఖం, మరో వైపు అడవిదున్న. ఒక్కోసారి బిళ్ళ లేకుండానే రెండు అచ్చులూ ఒకదానికొకటి గుద్దుకుంటాయి. అప్పుడు ఒక అచ్చు మీది గుర్తులు మరోదాని మీద పడతాయి. ఒక అచ్చు మీద అలా పడిన మరకలను పోగొట్టాలని దాన్ని అరగదీశారు. అరగదీయడం కాస్త ఎక్కువైంది. మరకలతో పాటు దున్న ముందు కాలు ఒకటి అచ్చులో నుంచి చెరిగిపోయింది. ఆ అచ్చు కింద పడిన నాణేల మీద దున్న మూడు కాళ్ళతోనే వచ్చింది. నేల మీద గిట్ట మాత్రం మిగిలింది!

సేకరించేవాళ్ళు ఆ నాణేలకు పెద్ద ధర ఇవ్వడం మొదలుపెట్టారు. ఇక మోసగాళ్ళు ఊరుకుంటారా? మామూలు 1937 నాణెం తీసుకుని, కత్తి మొనతో ఒక కాలు గీకేశారు. పైపైన చూస్తే అదీ మూడు కాళ్ళదే.

తేడా ఎలా తెలుస్తుంది? అసలు దాంట్లో కాలు లేని చోట నేల నున్నగా, సహజంగా ఉంటుంది. ఎందుకంటే అక్కడ లోహం అసలు లేవనే లేదు. పైగా అసలు నాణేలన్నిటిలో దున్న పొట్ట కింద నుంచి నేల వరకు చిన్న చిన్న ఉబ్బెత్తు చుక్కల వరుస ఒకటి ఉంటుంది. వెనుక కాలు కూడా పురుగు కొట్టినట్టు సన్నబడి ఉంటుంది. ఇవన్నీ ఆ ఒక్క అచ్చు గుర్తులు. కాలు గీకినవాడికి కాలు తీసేయడం చేతనవుతుంది గానీ, లేని చుక్కలను లేపడం అంత సులువు కాదు. తీసేయడం ఎవరికైనా వచ్చు. నాణెం మీద లోహాన్ని లేపగలిగేది అచ్చే.

లేని అక్షరం

1922లో అమెరికాలో ఒక సెంటు నాణేలను ఒక్క డెన్వర్ టంకశాలే కొట్టింది. అక్కడి నాణేల మీద ఆ ఊరి గుర్తుగా "డి" అక్షరం ఉంటుంది. కాబట్టి ఆ ఏటి సెంటు మీద "డి" తప్పక ఉండాలి. కానీ అచ్చులు బాగా అరిగిపోయి, గుంటలు పూడిపోయి, కొన్ని నాణేల మీద ఆ అక్షరం రానే లేదు. వీటికీ విలువ పెరిగింది, వీటికీ నకిలీలు వచ్చాయి. "డి" ఉన్న నాణెం తీసుకుని దాన్ని గీకేశారు. ఇక్కడా అదే పరీక్ష. గీకిన చోట చిన్న పల్లం, చిన్న గరుకుతనం, చుట్టూ లేని మెరుపు. పుట్టుకతో రాని అక్షరం చోట అవేవీ ఉండవు. అరిగిన అచ్చు గనుక మిగతా బొమ్మ కూడా కొంచెం మసకగానే ఉంటుంది.

ఇక్కడ మన నాణేల గురించి ఒక మాట. మన హైదరాబాదులో నిజాం కాలంలో, 1903లో సైఫాబాదులో టంకశాల కట్టారు. 1950లో అది భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1997లో చర్లపల్లిలో కొత్త టంకశాల వచ్చింది. హైదరాబాదులో కొట్టిన నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటుంది. ముంబైది వజ్రం ఆకారం, నోయిడాది చుక్క. కోల్‌కతా నాణేనికి ఏ గుర్తూ ఉండదు. అందుచేత "సంవత్సరం కింద గుర్తు లేదు, ఇది తప్పు నాణెం" అని ఎవరైనా చెబితే నమ్మకండి. అది కోల్‌కతాలో పుట్టిన మంచి నాణెం, అంతే.

యుద్ధకాలపు రాగి సెంటు

కొన్ని తప్పులు అచ్చులో కాదు, బిళ్ళలోనే ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ గుండ్లకు రాగి అవసరమైంది. అందుకని 1943లో అమెరికా తన సెంటు నాణేలను రాగి మిశ్రమంతో కాకుండా, జింకు పూసిన ఉక్కుతో కొట్టింది. ఆ ఒక్క ఏడు 109 కోట్లకు పైగా ఉక్కు సెంట్లు బయటికి వచ్చాయి. ముందటి ఏడు మిగిలిన రాగి మిశ్రమపు బిళ్ళలు కొన్ని తొట్ల మూలల్లో ఇరుక్కుని ఉండిపోయి, 1943 అచ్చుల కిందికి వెళ్ళాయని నిపుణులు చెబుతారు. ఆ కోట్ల మధ్య రాగివి బహు కొద్ది.

1947లో పదహారేళ్ళ విద్యార్థి ఒకడు బడి భోజనశాలలో తనకు వచ్చిన చిల్లరలో అలాంటిది ఒకటి చూశాడు. 1943లో రాగి సెంట్లు కొట్టనే లేదని ప్రభుత్వం వారి మాట. అయినా అతడు దాన్ని అమ్మలేదు, పారేయలేదు, జీవితాంతం దాచుకున్నాడు. 2019లో వేలంలో అది 2 లక్షల 4 వేల డాలర్లు పలికింది. ఆ నాణెం నిజం చెబుతూనే ఉంది. మనుషులు నమ్మడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అయితే ఆ ఒక్కదాని వెనుక ఎన్నో నకిలీలు నడిచాయి. మామూలు ఉక్కు సెంటుకు రాగి పూత పూశారు. దానికి పరీక్ష చాలా సులువు. అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే లోపల ఉక్కు. తూకం కూడా సాక్ష్యం ఇస్తుంది. రాగి సెంటు 3.11 గ్రాములు, ఉక్కుది దాదాపు 2.7 గ్రాములు. మరికొందరు 1948 రాగి సెంటు తీసుకుని 8ని చెక్కి 3 చేశారు. కానీ 1943 నాణెం మీది 3కి తోక మిగతా అంకెల కంటే కిందికి దిగి ఉంటుంది. 8ని చెక్కితే ఆ తోక ఎక్కడి నుంచి వస్తుంది? పైన పూసిన రంగు కళ్ళను మోసం చేస్తుంది గానీ, లోపలి బరువును మోసం చేయలేదు.

రెండుసార్లు పడిన అక్షరాలు

1955లో ఫిలడెల్ఫియా టంకశాలలో ఇంకో తప్పు జరిగింది. అచ్చు తయారు చేయడానికి దాని మీద మూల ముద్రను ఒకటి కంటే ఎక్కువసార్లు ఒత్తేవారు. ఒకసారి ఒత్తాక రెండోసారి ఒత్తేటప్పుడు అది కొద్దిగా తిరిగి ఉండిపోయింది. దాంతో ఆ అచ్చులోనే సంవత్సరం, అక్షరాలు జంటగా పడ్డాయి. ఆ అచ్చు కింద వేల సెంట్లు తయారయ్యాయి. తప్పు కనిపెట్టేసరికి వాటిలో సుమారు 20 వేల నుంచి 24 వేల దాకా మంచి నాణేలతో కలిసిపోయాయి. ఏరడం కష్టమని వదిలేశారు. అప్పట్లో యంత్రంలో పావు డాలరు వేస్తే వచ్చే 23 సెంట్ల సిగరెట్ పెట్టెతో పాటు రెండు సెంట్లు చిల్లరగా ఇచ్చేవారు. అలా ఎన్నో నాణేలు జనం చేతికి చేరాయి.

అందరూ తమ దగ్గరున్న సెంట్లు తీసి చూడడం మొదలుపెట్టారు. కొన్నిటిలో చివరి 5 పక్కన మాత్రం ఒక నీడ కనిపించింది. అది వేరే సంగతి. అచ్చు అరిగిపోయి వచ్చిన నీడ అది. దానికి విలువ లేదు. ఇంకో రకం ఏమిటంటే, దెబ్బ పడిన క్షణంలో అచ్చు వదులుగా ఉండి పక్కకు జరిగితే, అప్పుడే లేచిన అక్షరం అంచును తొక్కేస్తుంది. అక్కడ మెట్టులా చదునైన అంచు ఏర్పడుతుంది.

తేడా చూడండి. అచ్చులోనే జంటగా పడిన అక్షరం రెండుసార్లూ నిండుగా, గుండ్రంగా ఉంటుంది. దాని చివర్లు రెండుగా చీలి కనబడతాయి, అక్షరం మొత్తం లావవుతుంది. అచ్చు జరిగి తొక్కినదైతే అక్షరం సన్నబడుతుంది, పక్కన చదునైన మెట్టు ఉంటుంది. మొదటిదానిలో లోహం ఎక్కువైనట్టు ఉంటుంది, రెండోదానిలో ఉన్న లోహమే నలిగి ఉంటుంది.

కొరికిన అంచు, అద్దంలో బొమ్మ, ఊడిన మధ్య భాగం

మీరు ఎక్కువగా పంపే ఫోటోలు ఇలాంటివే గనుక వీటి సంగతి కూడా చెబుతాను.

మొదటిది, అంచు కొరికినట్టున్న నాణెం. పట్టీలో బిళ్ళలు కత్తిరించేటప్పుడు, ముందు కోసిన చోటు మీదే కత్తెర మళ్ళీ పడితే, బిళ్ళ అంచులో చంద్రవంక లాంటి కోత వస్తుంది. ఇది బిళ్ళకే ఉన్న లోపం, దెబ్బ పడింది ఆ తరువాత. కాబట్టి కోత దగ్గరి అక్షరాలు కోత వైపుకు సాగి, మెత్తగా వాలి ఉంటాయి. ఇంకో మంచి సాక్ష్యం ఎదురు అంచులో ఉంటుంది. బిళ్ళ అంచును లేపే యంత్రంలో రెండు ఎదురెదురు వైపులా ఒత్తిడి పడాలి. ఒక వైపు కోత ఉంటే దానికి సరిగ్గా ఎదుటి అంచు కూడా సరిగా లేవదు, మసకగా మిగులుతుంది. ఆకురాయితో అరగదీసినా, కత్తెరతో కోసినా ఎదుటి అంచు చెక్కు చెదరకుండా ఉంటుంది. కోత దగ్గర అక్షరం కూడా కత్తితో తెగినట్టు ఠక్కున ఆగిపోతుంది.

రెండోది, ఒక వైపు బొమ్మ తిరగబడి లోపలికి పడిన నాణెం. అప్పుడే కొట్టిన నాణెం అచ్చుకు అతుక్కుని ఉండిపోతే, తరువాత వచ్చిన బిళ్ళకు అదే అచ్చవుతుంది. అప్పుడు ఆ బిళ్ళ ఒక వైపు మామూలుగా, రెండో వైపు అదే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, పల్లంగా పడుతుంది. రెండు నాణేలను కలిపి పట్టుకర్రలో బిగించి నొక్కినా, సుత్తితో కొట్టినా తిరగబడిన గుర్తులు వస్తాయి. కానీ దాంట్లో ఆ నాణేనికి ముందే ఉన్న బొమ్మ నలిగి, చదునై, కిందనే కనబడుతూ ఉంటుంది. టంకశాలలో వచ్చినదాని కింద అలా చచ్చిన బొమ్మ ఏదీ ఉండదు.

మూడోది, మధ్య భాగం లేని పది రూపాయల బిళ్ళ. మధ్య బిళ్ళ, చుట్టూ ఉన్న వలయం టంకశాలలో ఒకే దెబ్బకు కలుస్తాయి. మధ్య బిళ్ళ లేకుండా వలయం మీద దెబ్బ పడి ఉంటే, ఖాళీ ఉంది గనుక లోహం లోపలి వైపుకు పారి, రంధ్రం అంచు వంకర టింకరగా ఉబ్బుతుంది. రంధ్రం శుభ్రంగా, నున్నగా, గుండ్రంగా ఉంటే, మధ్య భాగం ఒకప్పుడు దాంట్లో ఉండేది. ఎవరో వేడి చేసో, కొట్టో ఊడదీశారు.

రైలు పట్టాల మీద పెట్టిన రూపాయి సంగతి చెప్పనక్కర్లేదు. మనలో చాలామంది చిన్నప్పుడు చేసిన పనే అది. రెండు వైపులా సమానంగా చదునై, బొమ్మ నీడలా మిగిలి, రేకులా పలచబడిన నాణేన్ని ఏ టంకశాలా కనలేదు.

పేదరాలి కాసులు

ఇదంతా యంత్రాల కాలం మాట. చేత్తో కొట్టిన కాలానికి వెళ్తే ఈ పరీక్ష ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మార్కు సువార్త 12వ అధ్యాయంలో దేవాలయపు కానుక పెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలు మనందరికీ తెలుసు. ఆమె వేసినవి ఏ రాజు నాణేలో సువార్త చెప్పదు. అయితే యూదయలో ఆ కాలంలో చలామణిలో ఉన్న అతి చిన్న కంచు, రాగి రకం కాసుల్లో, క్రీస్తుకు ముందు 103 నుంచి 76 వరకు ఏలిన అలెగ్జాండర్ యన్నాయి కాసులు కుప్పలుగా దొరికాయి. ఒక వైపు లంగరు, మరో వైపు నక్షత్రం ఉన్నవి వాటిలో ఎక్కువ.

ఆ కాసులు చూస్తే జాలి వేస్తుంది. మెత్తటి రాతి పలకలో చిన్న చిన్న గుంటలు తొలిచి, వాటిని కాలువలతో కలిపి, కరిగిన లోహం పోసేవారు. పూసల దండలా ఒకదానికొకటి అంటుకుని వచ్చిన బిళ్ళలను ముద్ర వేసి, ముక్కలుగా నరికేవారు. అందుకే చాలా కాసులకు పక్కన చిన్న తోక లాంటి ముక్క ఉంటుంది. ముద్ర సగం పడి, సగం బయటికి పోయి ఉంటుంది. ఈ తోక, ఈ నరుకు, ఈ సగం ముద్ర అన్నీ పుట్టుకతో వచ్చినవే. నేలలో వందల ఏళ్ళు ఉండి పట్టిన పచ్చటి చిలుము, రాలిపోయిన అంచు మాత్రం తరువాతివి.

గమనించండి. ముద్ర సగమే పడినా, తోక మిగిలినా, అది చెల్లే కాసే. ఆ రోజుల్లో రొట్టె కొన్నవాడు గానీ, అమ్మినవాడు గానీ దాన్ని తప్పు నాణెం అనలేదు. కొట్టే తీరే అంత. కాబట్టి ఒక కాలపు నాణేన్ని ఆ కాలపు పనితనంతోనే తూచాలి. నేటి యంత్రం కొలతతో చూస్తే ఆ కాసులన్నీ తప్పులే!

అర్థం ఉన్న గాయాలు

ఇంతవరకు చదివి, దెబ్బ మచ్చకు విలువే లేదని అనుకోకండి. ధర లేకపోవచ్చు, చరిత్ర ఉంటుంది.

క్రీస్తుకు ముందు 375వ సంవత్సరం ప్రాంతంలో ఏథెన్సు పట్టణం ఒక చట్టం చేసింది. దాన్ని చెక్కిన రాతి పలక 1970లో అక్కడి పాత సంత స్థలంలో దొరికింది. నాణేలు పరీక్షించే మనిషి సంతలో కూర్చోవాలి. లోపల రాగో సీసమో ఉండి పైన వెండి పూసిన నాణెం కనబడితే, అక్కడికక్కడే దాన్ని అడ్డంగా నరికేయాలి. మంచిదైతే అందరూ దాన్ని తీసుకుని తీరాలి. తూర్పు దేశాల వర్తకులు కూడా ఏథెన్సు గుడ్లగూబ నాణేలను లోతుగా కోసి లోపలి వెండి చూసుకునేవారు. ఇప్పుడు ఆ కోతలున్న నాణేలు చూసినవాళ్ళు అయ్యో పాడైందే అనుకుంటారు. నిజానికి ఆ గాయం దాని పరీక్ష. లోపల కూడా వెండే అని ఆ కోతే చెబుతుంది.

మన దేశంలో ఆ పని షరాబులు చేసేవారు. మొగలాయిల, కంపెనీ దొరల కాలపు వెండి రూపాయల మీద చిన్న చిన్న పువ్వులు, చుక్కలు, అక్షరాల్లాంటి గాట్లు కనబడతాయి. షరాబు చూసి, మంచిదని తేల్చి, తన ముద్ర కొట్టాడన్నమాట. అవి ఎక్కువైతే ఆ రూపాయికి బట్టా కోసుకునేవారు. ఈ గాట్లన్నీ లోపలికే ఉంటాయి, ఏ రెండు రూపాయల మీదా ఒకే చోట ఉండవు. మన మొదటి రెండు సూత్రాలు చాలు వీటిని గుర్తుపట్టడానికి.

మన సంఘంలో ఒక పెద్దావిడ విక్టోరియా రాణి బొమ్మ ఉన్న వెండి రూపాయి తెచ్చి చూపించింది. అంచు మీద ఒక చోట చిన్న ముద్ద ఉబ్బెత్తుగా ఉంది. ఎవరో అది మింటు తప్పని, బాగా ధర వస్తుందని చెప్పారట. ఉబ్బెత్తుగా ఉంది గనుక అచ్చు లోపమేమో అని అనిపించవచ్చు. కానీ ముద్ద రంగు వేరు, నాణెం బొమ్మ దాని కిందికి వెళ్ళి చెక్కుచెదరకుండా కొనసాగుతోంది. అంటే బొమ్మ ముందు, ముద్ద తరువాత. అది కంసాలి వేసిన టంకం. ఆ రూపాయి ఒకప్పుడు కాసులపేరులో ఉండేది. ఆ మాట చెప్పగానే ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా అమ్మ మెడలో అలాంటి పేరు ఉండేదయ్యా, కరువు రోజుల్లో ఒక్కొక్కటే ఊడదీసి అమ్మిందని మా నాన్న చెప్పేవాడు" అంది. ఆ రూపాయి ఇప్పుడు అమ్మకానికి లేదు.

చేయవలసినది, చేయకూడనిది

ప్రియులారా, ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. పాత నాణేలు కొంటామని చెప్పి, ముందుగా రుసుమో, పన్నో, కమీషనో కట్టమనేవాళ్ళు ఉన్నారు. రిజర్వు బ్యాంకు పేరు, గుర్తు కూడా వాడుకుంటున్నారు. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రజలను హెచ్చరించింది: తాము అలాంటి వ్యాపారం చేయడం లేదని, ఎవరి దగ్గరా అలాంటి రుసుము తీసుకోవడం లేదని, తమ తరఫున తీసుకోవడానికి ఎవరికీ అధికారం ఇవ్వలేదని. కాబట్టి నాణెం కొనేవాడు మీకు డబ్బు ఇవ్వాలి గానీ, మీ దగ్గర తీసుకోకూడదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే కూలి డబ్బులు నిలబడతాయి.

ఇంకొకటి. తేడా ఉన్న ప్రతిదీ తప్పు కాదు, నకిలీ కూడా కాదు. పది రూపాయల బిళ్ళ మీద రూపాయి గుర్తు ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. గీతల సంఖ్యలోనూ తేడా ఉంది. ఈ కారణంగా మన అంగళ్ళలో అవి తీసుకోలేదు, మన పిల్లలు బస్సుల్లో మాటలు పడ్డారు. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు, అప్పటికి 14 రకాల పది రూపాయల నాణేలు విడుదల చేశామని, అన్నీ చెల్లుతాయని స్పష్టంగా చెప్పింది. మంచి నాణేన్ని కాదనడం కూడా అన్యాయమే.

మీ దగ్గర నిజంగా అనుమానం కలిగించే నాణెం ఉంటే ఇలా చేయండి. చింతపండుతో గానీ, బూడిదతో గానీ తోమకండి. తోమితే దాని సహజమైన పైపొర పోతుంది, సాక్ష్యం చెరిగిపోతుంది. ఒక చిన్న భూతద్దం తీసుకోండి. అలాంటిదే మామూలు నాణెం ఒకటి పక్కన పెట్టండి. లోపం ఉబ్బెత్తుగా ఉందా, పల్లంగా ఉందా చూడండి. బొమ్మ లోపం మీదుగా పోతోందా, లోపం బొమ్మను తెంపిందా చూడండి. రెండో వైపు తిప్పి, అదే చోట ఎలా ఉందో చూడండి. అయస్కాంతం, కంసాలి దగ్గరి చిన్న తూకం ఉంటే మరీ మంచిది. చివరగా ఆ ప్రశ్న మళ్ళీ అడగండి: బిళ్ళలోనా, అచ్చులోనా, దెబ్బలోనా?

జవాబు దొరికితే సంతోషం. దొరకకపోతే, అది చేతులు మారుతూ దెబ్బలు తిన్న మామూలు నాణెం అని ఒప్పుకోండి. దాంతో ఉప్పు కొనుక్కోవచ్చు, బస్సు టికెట్టు తీసుకోవచ్చు. దాని విలువ దాని మీద రాసే ఉంది. అంతకంటే ఎక్కువ ఉందని చెప్పి మన పొరుగువాడికి అమ్మితే, ఆ నాణెం చెప్పని మాటను మనం దాని నోట పెట్టినవాళ్ళమవుతాం. టంకశాల చేయని తప్పును టంకశాల మీద వేయడం, ఎవరో చేసిన దెబ్బను పుట్టుమచ్చ అని అమ్ముకోవడం, రెండూ అబద్ధ సాక్ష్యాలే. చిన్న రూపాయి బిళ్ళ విషయంలోనైనా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పే కన్ను, నాలుక మనకు ఉండాలి.

మీ ఇంట్లో పిల్లలకు ఈ వ్యాసం చదివి వినిపించండి. ఒక పాత రూపాయి, ఒక భూతద్దం వాళ్ళ చేతికివ్వండి. ఏం కనిపించిందో వాళ్ళనే చెప్పమనండి.